ఆపకూడని కారు

మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఇప్పటికీ నేను గదిలోకి అడుగు పెడితే మా అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడతారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు. "కూర్చోండి అత్తయ్యగారూ" అంటే "పర్లేదండి" అంటూ గోడ వారకి జరిగి కొంగు భుజం చుట్టూ లాక్కుంటారు. నాతో నేరుగా మాట్లాడాల్సి వస్తే మూడు ముక్కల్లో తేల్చేస్తారు. నాలుగో ముక్క ఉంటే కూతురి చేత చెప్పిస్తారు. కూతురు దగ్గర లేకపోతే ఆ నాలుగో ముక్క ఆవిడ కడుపులోనే ఉండిపోతుంది. వాళ్ళ వైపు ఆడవాళ్ళందరూ ఇంతే. అల్లుడు ఇంటికొస్తే కలెక్టరు తనిఖీకి వచ్చినట్టు హడలిపోతారు.

అలాంటి మనిషి వారానికి ఆరు రోజులు నా కారు వెనక సీట్లో కూర్చుని ఊళ్ళు తిరగాల్సి వచ్చింది. చీరల కోసం.

మామగారు పోయాక ఆ చీరల వ్యాపారం ఆవిడ మీద పడింది. చీరాల వైపు మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు తీసుకుని తెనాలి, బాపట్ల, రేపల్లె షాపులకి వెయ్యడం. బట్ట చూడ్డంలో ఆవిడంత మనిషిని నేను చూళ్ళేదు. మడత కూడా విప్పరు. అంచు మీద బొటనవేలు ఆనించి, ఇది మగ్గం మీద నేసిందో పవర్‌లూమ్‌దో చెప్పేస్తారు. నేను అప్పటిదాకా ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ చూసుకునేవాణ్ణి. ఆ కాలేజీ మూతపడింది. ఆవిడకి కారు నడిపే మనిషి కావాలి, నాకు పని కావాలి. అలా కుదిరింది. తెనాలిలో మా వీధి వాళ్ళు కొందరు నన్ను "అత్తగారి డ్రైవరు" అని వెనకాల నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, వాళ్ళ సొమ్మేం పోయింది. మూటలు మోసేది నేను, షాపుల దగ్గర నోరు చేసుకునేది నేను. ఆవిడ పక్కన నిలబడి కళ్ళతో ఔననో కాదనో చెప్పేవారు.

కిందటేడు వానలప్పుడు ఆవిడకి ఆయాసం మొదలైంది. నాలుగు మెట్లెక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేవారు. పాదాలు ఉబ్బిపోయి చెప్పుల పట్టీలు పట్టేవి కావు. బాపట్లలో గుండె డాక్టరుకి చూపించాం. గుండె బలహీనపడింది, ఒంటికి నీరు పడుతోంది, ఆ నీరు తీసేసే మాత్ర రోజూ పొద్దున టిఫినయ్యాక ఒకటి వెయ్యాలి, ఒక్కరోజు కూడా మానకూడదు, మానితే ప్రాణానికే ముప్పు అన్నాడాయన. ఆ చివరి మాట నన్ను బయటికి పిలిచి చెప్పాడు.

నా భార్య టీచరు. ఏడు గంటలకే స్కూలు బస్సెక్కాలి. అత్తగారు స్నానం, పూజ ముగించుకుని టిఫిన్ చేసేసరికి ఎనిమిదవుతుంది. "మా అమ్మ మందులంటే ఆమడ దూరం పోయే రకం. మీ కళ్ళముందు వేయించండి. మీ మీదే వదిలేస్తున్నాను" అని నా భార్య మాత్రల పెట్టె నా చేతిలో పెట్టింది. నేను ఆ పని నెత్తిన వేసుకున్నాను. మాత్రల అట్ట కార్లో నా ముందున్న అరలోనే ఉండేది. ఊరు దాటి కాలవ వంతెన ఎక్కగానే ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో మాత్ర నొక్కి తీసి, నీళ్ళ సీసాతో పాటు వెనక్కి అందించేవాణ్ణి.

"అత్తయ్యగారూ, మాత్ర."

"ఇలా ఇవ్వండి."

అద్దంలో చూసేవాణ్ణి. చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళేది, సీసా పైకి లేచేది, గుటక పడేది. అయిపోయింది. సాయంత్రం ఇంటికి రాగానే నా భార్య అడిగే మొదటి మాట "అమ్మ మాత్ర వేసుకుందా?" అని. "నా చేత్తో ఇచ్చాను, నా కళ్ళతో చూశాను" అని చెప్పేవాణ్ణి. మంచి అల్లుణ్ణని నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

ఇక కారు సంగతి. దానికి పద్దెనిమిదేళ్ళు. పెట్రోలు బండి. మామగారు కొన్నది. పొద్దున్నే బంగారంలా స్టార్టయ్యేది. గంట నడిచి వేడెక్కాక ఆపామో, చచ్చినా కదిలేది కాదు. చల్లబడేదాకా ముప్పావుగంటో గంటో కాచుకోవాల్సిందే. తెనాలిలో ఒక మెకానిక్‌కి చూపిస్తే, ట్యాంకులోంచి పెట్రోలు ఎగదోసే పంపు పాడైపోతోంది, ఒక్కరోజు బండి వదిలిపెట్టండి, కొత్తది వేస్తాను అన్నాడు. "వచ్చే వారం తెస్తాను" అన్నాను.

ఆ వచ్చే వారం మూడు నెలలు రాలేదు. పెళ్ళిళ్ళ రోజులు, చీరలు కావాలని షాపుల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. అది నేను అందరికీ చెప్పిన సాకు. అసలు సంగతి ఏంటంటే ఆ పంపుతో వేగడం నాకో సరదా అయిపోయింది. దాని వాలకం నాకే తెలుసని నా గొప్ప. తాళం మూడుసార్లు ఆన్ చేసి ఆఫ్ చేసి నాలుగోసారి తిప్పితే ఒక్కోసారి అందుకునేది. అందుకోకపోతే కిందికి దూరి, చెప్పు తీసి, ట్యాంకు అడుగున రెండు వాయించేవాణ్ణి. లేచేది. ఆ చెప్పు దెబ్బ గురించి షాపుల్లో కూర్చుని కథలు కథలుగా చెప్పుకున్నవాణ్ణి నేను. అన్నిటికంటే పెద్ద చిట్కా ఒకటుంది. బయల్దేరాక మధ్యలో ఆపకూడదు. తెనాలిలో ఎక్కితే రేపల్లెలోనే దిగాలి. రేపల్లెలో ఎక్కితే బాపట్లలోనే దిగాలి. షాపు దగ్గర ఎలాగూ గంట పడుతుంది, ఆలోగా చల్లబడుతుంది. దారిలో మాత్రం బ్రహ్మదేవుడు చెయ్యెత్తినా ఆపేది లేదు. ఇది నా శాసనం.

అత్తగారికి ఈ శాసనం తలకెక్కలేదని విసుక్కునేవాణ్ణి. వయసు పెరిగే కొద్దీ చిన్నపిల్లల చేష్టలు వస్తాయంటారు చూడండి, అలాంటివేవో ఈవిడకి మొదలయ్యాయనుకున్నాను. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, బండి కదిలిన ముప్పావుగంటకల్లా ఏదో ఒకటి మొదలుపెట్టేవారు.

"అల్లుడుగారూ, అక్కడ కొబ్బరి బోండాలు బాగుంటాయంట."

"ఊళ్ళోకి వెళ్ళాక తాగుదాం అత్తయ్యగారూ. ఇక్కడ ఆపితే మళ్ళీ కదలదు."

ఇంకోరోజు రోడ్డు పక్కన అమ్మవారి గుడి కనిపిస్తే దణ్ణం పెట్టుకుంటానన్నారు. "కార్లోంచే పెట్టుకోండి, అమ్మవారు ఏమీ అనుకోదు" అన్నాను. మరోరోజు జామకాయలు. జీవితంలో ఆవిడ జామకాయ కొరకడం నేను చూళ్ళేదు. ఇంకోసారి, అడవులదీవి నుంచి చీరల కోసం వచ్చే బేరగత్తె ఒకావిడ ఇల్లు ఈ దగ్గరలోనే, ఒకసారి పలకరించి వస్తానన్నారు. అప్పుడు మాత్రం నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీకు చెప్తే అర్థం కాదా అండీ? బండి ఆగితే ఈ ఎండలో ఇద్దరం రోడ్డు మీద మాడి చావాలి" అని గట్టిగానే అన్నాను. అద్దంలో ఆవిడ మొహం కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఏదీ అడగలేదు. హమ్మయ్య, ఇప్పటికి దారికొచ్చారనుకున్నాను.

ఈలోగా జబ్బు పెరుగుతోంది. నాకు పిచ్చెక్కేది. మాత్ర తప్పడం లేదు, ఉప్పు మానేశారు, ఐనా కాళ్ళు స్తంభాల్లా అయిపోయాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. వెల్లకిలా పడుకోలేక, మూడు దిళ్ళు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవారు. ఆదివారాలు నా భార్య ఇంట్లో ఉండి చూసుకునేది. సోమవారం పొద్దున మొహం కాస్త తేటపడేది. ఆదివారం విశ్రాంతి దొరికింది కదా, అందుకనుకున్నాం. గురువారానికి మళ్ళీ మామూలే. డాక్టరు మోతాదు పెంచాడు. తగ్గలేదు. మళ్ళీ పెంచాడు. ఈ డాక్టరుకి చదువు సరిగ్గా అబ్బలేదని నేను నా భార్యతో ఒకటే గొడవ.

ఆ రోజు బాపట్లలో నాలుగోసారి చూపించాం. కాటా మీద నిలబెడితే నెలలో ఐదు కిలోలు పెరిగారు. తిండి లేదు, ఐదు కిలోలూ నీళ్ళే. డాక్టరు తల పట్టుకున్నాడు. "ఇంత మాత్రకి కూడా లొంగడం లేదంటే గుండె బాగా దెబ్బతిందని అర్థం. మోతాదు రెట్టింపు చేస్తున్నాను. వారంలో తగ్గకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచుకోండి" అన్నాడు. ఆ ఆఖరి మాట అర్థమేంటో నాకు తెలుసు. బయట బెంచీ మీద అత్తగారు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే లేచారు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో ఈ కారు. తాళం తిప్పాను, లేవలేదు. నాలుగుసార్లు చేశాను. కిందికి దూరి చెప్పుతో వాయించాను. ఊహూ. అప్పటికి గంటన్నర చల్లబడింది కూడా. పంపు పూర్తిగా పోయింది. ఆటోవాళ్ళిద్దరు సాయం పడితే తోసుకుంటూ పక్క సందులో ఉన్న మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాం. అత్తగారు మా వెనకే, నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచొచ్చారు.

మెకానిక్ అరవై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. అత్తగారిని చూడగానే "కూర్చో అక్కా" అని ఒక ప్లాస్టిక్ కుర్చీ తుడిచి షెడ్డు మూల నీడలో వేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "తాళం ఆన్ చెయ్యండి. స్టార్ట్ చెయ్యొద్దు" అన్నాడు. వెనక తలుపు తీసి సీటు మీద చెవి ఆనించాడు. ఆన్ చేస్తే పంపు రెండు క్షణాలు గుయ్యిమనాలి. ఏ చప్పుడూ లేదు.

"పోయింది. ఎన్నాళ్ళ బట్టి ఏడిపిస్తోంది?"

"మూడు నెలల బట్టి."

"మరి మూడు నెలలు ఎలా నడిపారు?"

"దారిలో ఆపకుండా నడిపాను మేస్త్రిగారూ" అన్నాను. అందులో కాస్త గర్వం కూడా ఉంది, ఎందుకు దాచుకోవాలి.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ అడుగంటే ఉంటుంది కదా? పంపు పెట్రోల్లో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది సార్. మీరు దాన్ని ఎండబెట్టి మాడ్చేశారు" అని చివాట్లు పెట్టి, కొత్త పంపు కోసం షాపుకి ఫోన్ చేశాడు. దొరికింది, అరగంటలో పంపిస్తామన్నారు. ఆలోగా పాతది విప్పుతానన్నాడు. ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుందట. సీటు ఎత్తితే ఒక మూత కనిపిస్తుంది, ఆ మూత విప్పితే పంపు. ఇంత పనికా నేను మూడు నెలలు పంతం పట్టింది అనుకున్నాను.

బ్యాటరీ వైరు ఊడదీశాడు. సీటు ముందు అంచు కింద రెండు చేతులూ పెట్టి ఒక్క గుంజు గుంజాడు. టప్పుమని కొక్కేలు ఊడి సీటు పైకి లేచింది. దాన్ని నేను పట్టుకుని బయటికి లాగాను.

కింద అంతా తెల్లగా ఉంది.

పద్దెనిమిదేళ్ళ దుమ్ములో ఒక తలపిన్ను, వక్కపొడి పొట్లం, రెండు రూపాయి బిళ్ళలు. వాటి మధ్యన, ఎడమ పక్కన, కుప్పగా తెల్లటి బిళ్ళలు. చీరల మూటల్లో కలరా ఉండలు వేస్తాం కదా, అవి జారిపడి అరిగిపోయుంటాయనుకున్నాను. "కలరా ఉండలు" అన్నాను కూడా.

మెకానిక్ కళ్ళజోడు కిందికి దించుకుని ఒకటి తీసి చూశాడు. వాసన చూశాడు. "కలరా ఉండలు కాదు సార్. మాత్రలు ఇవి."

నేను ఒకటి తీశాను. చిన్నది. మధ్యలో గీత. రోజూ పొద్దున నా బొటనవేలితో అట్టలోంచి నొక్కి తీసే మాత్ర మీది గీత అదే. కొన్ని చెమ్మకి కరిగి పిండైపోయాయి. కొన్ని నిన్న మొన్న వేసినట్టు కొత్తగా ఉన్నాయి. ఒక్కొక్కటే ఏరి జేబురుమాల్లో వేశాను. యాభై మూడు దాకా లెక్కపెట్టి ఇక లెక్కపెట్టలేకపోయాను. మెకానిక్ ఏదో అడుగుతున్నాడు, నాకు వినపడ్డం లేదు. ఇంకా పిండై రేకుకి అంటుకుపోయినవి ఎన్నో.

అప్పుడు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఒంటికాలి మీద లేచాను. నేరుగా షెడ్డు మూలకి వెళ్ళాను. ఆవిడ అలవాటుగా లేచి నిలబడ్డారు. జేబురుమాలు విప్పి ఆవిడ ముందు పట్టుకున్నాను.

"ఏంటండీ ఇది?"

ఆవిడ చూశారు. మొహం పాలిపోయింది.

"నేనేమన్నా పిచ్చాడిలా కనిపిస్తున్నానా మీకు? రోజూ నా చేత్తో ఇచ్చి, అద్దంలో చూసుకుని, సాయంత్రం మీ అమ్మాయికి జవాబు చెప్పుకుంటున్నాను. అక్కడ డాక్టరు ఇంట్లో వాళ్ళకి చెప్పుకోమంటున్నాడు, తెలుసా? చచ్చిపోదామనుకుంటున్నారా? నా కార్లోనా?"

ఆ మాట అనకూడదు. అనేశాను. షెడ్డులో అందరూ పని ఆపేశారు. ఆవిడ కొంగు గుప్పిట్లో నలుపుకుంటూ, నేల వైపు చూస్తూ, "అమ్మాయికి ఫోన్ చెయ్యండి" అన్నారు. ఆవిడ మూడు ముక్కలూ అయిపోయాయి.

చేశాను. స్కూల్లో లంచ్ బెల్లు కొట్టినట్టున్నారు, వెనక పిల్లల గోల. జరిగింది చెప్పాను. "ఏంటీ?" అని అరిచింది. "అమ్మకివ్వండి" అంది. ఇచ్చాను. అత్తగారు ఫోన్ పట్టుకుని, విప్పేసిన ఒక ఆటో వెనక్కి వెళ్ళి, నాకు వీపు పెట్టి మాట్లాడారు. పది అడుగుల దూరంలో ఉన్నాను నేను. నాతో చెప్పాల్సిన మాట తెనాలి వెళ్ళి తిరిగి రావాలి. ఆ ఐదు నిమిషాలూ ఆ రుమాలు పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

ఫోన్ నా చేతికొచ్చింది. నా భార్య ఏడుస్తోంది.

"ఏమండీ, అది నీరు తీసేసే మాత్ర. అది వేసుకుంటే అరగంటలో ఒంటేలుకి పరిగెత్తాలి. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ఇంట్లో ఆదివారం నేను చూస్తూనే ఉంటాను కదా, నాకైనా తట్టలేదు. మీరు కారు ఆపరట. ఆపమని మీతో ఎలా చెప్తుందండీ? అల్లుడితో ఆ మాట ఎలా అంటుంది? మొదటి వారం వేసుకుందట. రేపల్లె వెళ్ళేలోగా ఒకరోజు... చీర తడిసిపోయిందట. మీరు మూట దించుతుంటే వెనకాల కొంగు కప్పుకుని నిలబడిందట. ఆ రోజు నుంచి మానేసింది. మాత్ర గుప్పిట్లోనే ఉంచుకుని, ఉత్తినే సీసా ఎత్తి, సీటు సందులోకి జారవిడిచేదట. పొద్దున్నుంచి నీళ్ళు కూడా తాగడం లేదట. రాత్రిళ్ళు వేసుకుందామని రెండు మూడు దాచుకుని చూసిందట, బాత్రూమ్‌కి మెట్లు దిగలేక అదీ మానేసింది."

నీరు తీసేసే మాత్ర. మూడు నెలలు నా నోటితో ఆ మాట అందరికీ చెప్పాను. ఆ నీరు ఎటు పోతుందో ఒక్కసారి ఆలోచించలేదు. ల్యాబులో పన్నెండేళ్ళు పనిచేసిన వాణ్ణి. బోండాలు గుర్తొచ్చాయి. జామకాయలు గుర్తొచ్చాయి. ఆవిడ అల్లుడికి చెప్పగలిగినంత మర్యాదగా, చెప్పగలిగినన్ని రకాలుగా చెప్పారు. తల తీసేసినట్టయింది నాకు. ఆవిడ వైపు చూడలేక కారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

డాక్టరుకి ఫోన్ చేసి నిజం చెప్పాను. "వేసుకోని మందుకి నేను మోతాదు పెంచుకుంటూ పోయాను. ఇవాళ రాసిన మోతాదు ఆవిడ నిజంగా వేసుకుని ఉంటే ఏమయ్యేదో తెలుసా మీకు?" అన్నాడు. ఆ చీటీ చింపెయ్యమన్నాడు. మొదట రాసిన మాత్రే ఇప్పుడే ఒకటి వెయ్యమన్నాడు. నేను ఆ రెట్టింపు మాత్రలు అప్పటికే కొని జేబులో వేసుకున్నాను. రేపు పొద్దున ఎక్కడ లేని పట్టుదలతో నా ఎదుటే మింగించేవాణ్ణి. ఒకవేళ ఆవిడ భయపడి మింగి ఉంటే?

మాత్ర, నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. మెకానిక్ అంతా విన్నట్టున్నాడు. ఎవరూ అడగకుండానే, "మా ఇల్లు ఈ షెడ్డు వెనకే అక్కా. మా ఇంటిదుంది, వెళ్ళి కూర్చో. ఇక్కడ ఈ పెట్రోలు వాసన నీకెందుకు" అన్నాడు. అప్పుడు ఆవిడ నా ముందే మాత్ర వేసుకుని, అతని వెనక వెళ్ళారు. పరాయి మగవాడికి అర నిమిషంలో తట్టింది.

తర్వాత పని చకచకా సాగింది. మూత మరలు విప్పి, వైరు సాకెట్టు ఊడదీసి, పైపు లాగి, పాత పంపు బయటికి తీశాడు. దాని అడుగున ఉండే వడపోత సంచి నల్లగా మసిగుడ్డలా ఉంది. కొత్తది దించి బిగించాడు. తాళం ఆన్ చెయ్యమన్నాడు. గుయ్యిమని సన్నగా మోగింది. అంతే. పాతది విప్పినప్పటి నుంచి లెక్కేస్తే గంటన్నర కూడా పట్టలేదు. సీటు తిరిగి పెట్టే ముందు రేకు మీది ఆ తెల్లటి పిండిని నేనే తడిగుడ్డతో తుడిచాను. అతను తుడుస్తానంటే ఒప్పుకోలేదు.

ఆవిడకి తగ్గింది. అది ముందే చెప్పేస్తాను, లేకపోతే చదివేవాళ్ళు కంగారు పడతారు. పది రోజుల్లో ఒళ్ళు తేలికపడి పాదాల మీద ఎముకలు కనిపించాయి. ఒక్క దిండుతో పడుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు మాత్ర ఇంటి దగ్గరే వేసుకుని, ఓ రెండు గంటలు ఆగి బయల్దేరతాం. షాపుల వాళ్ళు ఆలస్యమైందని గింజుకుంటే నేను రెండింతలు గింజుకుంటున్నాను. కానీ నేను రాయాలనుకున్నది ఆ సాయంత్రం గురించి.

బాపట్ల నుంచి తెనాలికి బయల్దేరాం. వెళ్ళేముందు మెకానిక్ ఇంట్లో ఆవిడ అన్నం తిన్నారు, నీళ్ళు తాగారు. మాత్ర ఇంకా పనిచేస్తూనే ఉంది. ఇరవై నిమిషాలయ్యేసరికి అద్దంలో ఆవిడ కిటికీ పట్టుకోవడం చూశాను. ఇన్నాళ్ళూ చూసి కూడా నాకు కనపడని చెయ్యి అది. పొన్నూరు ఇంకా రాలేదు. రోడ్డు పక్కన ఒక ఇల్లు, వరండాలో ఒకావిడ మినుములు చెరుగుతోంది. కారు పక్కకి తీసి ఇంజను ఆపేశాను. దిగి గేటు దగ్గరికి వెళ్ళాను. అడగడానికి నాకే ఇంత సిగ్గుగా ఉంటే.

"అమ్మా, మా అత్తగారు మందు వాడుతున్నారు. ఒక్కసారి మీ బాత్రూమ్..."

ఆవిడ నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. చేట కింద పెట్టి లేచింది. "దానికి అడగాలా అన్నయ్యగారూ? రండి పిన్నిగారూ, మెల్లగా రండి, ఇక్కడ మెట్టుంది" అంటూ అత్తగారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆ రోడ్డు మీద అలాంటి ఇళ్ళు ఎన్ని దాటించానో. ఎండలో గేటు పట్టుకుని నిలబడ్డాను.

అత్తగారు మొహం కడుక్కుని వచ్చారు. కారు దగ్గర, నేను ఎక్కేదాకా ఎక్కకూడదన్నట్టు నిలబడ్డారు. నేను ఆవిడ కళ్ళలోకి చూడకుండానే అడిగాను. "తప్పంతా నాదే అత్తయ్యగారూ. కానీ ఒంట్లో అంత నీరు పెట్టుకుని, ఊపిరాడక కూర్చుని... ఎన్నాళ్ళని ఇలా ఉందామనుకున్నారు?"

ఒక ఆర్టీసీ బస్సు దాటిపోయింది. ఆ దుమ్ము సర్దుకున్నాక, నాతో అంత పెద్ద మాట అంతవరకూ ఎప్పుడూ చెప్పని మనిషి, మెల్లగా చెప్పారు.

"పంపు మార్పిస్తానన్నారు కదా అల్లుడుగారూ. వచ్చే వారం, వచ్చే వారం అన్నారు. ఈ వారం అయిపోతుందిలే, అది మారిస్తే ఎక్కడైనా ఆపుతారు, అప్పటి నుంచి వేసుకుందామని ఆగాను."

ఆవిడ ఎక్కి తలుపు వేసుకున్నారు. నేను కూర్చుని తాళం తిప్పాను. ఇంజను ఇంకా వేడిగానే ఉంది. ఒక్కసారికే స్టార్టయింది.